పుస్తకం పూర్తి చేయాలని పట్టు పట్టకండి

బాబుకి రెండున్నరేళ్లు, రెండేసి మాటలు కలిపి మాట్లాడుతున్నాడు, పుస్తకం తీస్తే నాలుగు పేజీలు తిప్పేసి పారిపోతాడు, అక్షరాలే రాని పిల్లాడికి పుస్తకాలెందుకని మీ అత్తగారు అంటున్నారు, వాడు వెనకబడిపోతాడేమోనని మీకు టెన్షన్. ఇదీ మీరు రాసింది. ఆ వయసులో పారిపోవడం మామూలేనండీ, పుస్తకమంటే ఇష్టం లేదని కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే మాట. మధ్యలో వాడేదైనా అంటే "ముందు విను" అంటున్నానని రాశారు. మార్చుకోవాల్సింది అదే. వాడు బొమ్మ చూసి "కుక్క" అంటే చదవడం ఆపేయండి. "అవును, కుక్క మంచం కింద దాక్కుంది, ఎందుకంటావ్?" అని అడిగి ఏమీ మాట్లాడకుండా కాసేపు ఆగండి, ఆ ఆగడమే కష్టం, జవాబు మనమే చెప్పేస్తుంటాం. వాడు "భయం" అంటే "ఉరుము వినిపించి భయపడిందా!" అని వాడి మాటకే ఇంకో రెండు మాటలు చేర్చండి. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం ఈ వయసు పిల్లల తల్లిదండ్రులకు ఇలా చదవడం నేర్పితే, నెల తిరిగేసరికి ఆ పిల్లలు మామూలుగా చదివించుకున్న పిల్లల కన్నా మాటల్లో ముందున్నారు. ఫోన్లో పాటలు ఎన్ని పెట్టినా అవి వాడి మాటకు బదులివ్వవు కదా.

ఇంట్లో మనం పిల్లలతో అనేవి తిను, రా, పడుకో, ఇవే ఎక్కువ. గుహ, తెరచాప లాంటి మాటలు పుస్తకంలోనే తగులుతాయి. చదివిందే మళ్లీ చదవమంటే విసుక్కోకండి, కొత్త మాట నిలబడేది అలా విన్నప్పుడే.

అత్తగారి మాటకొస్తే, అక్షరాలకు ముందు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పుస్తకం ఎటు తిప్పాలి, గీతల్లా కనిపించేవాటిలో మాటలున్నాయని, ఇవన్నీ. పిల్లల కళ్లు ఎక్కువగా బొమ్మల మీదే ఉంటాయి, అందుకే అప్పుడప్పుడు పుస్తకం పేరు కింద వేలు పెట్టి చదవండి. ఆవిడ చేతికీ ఒక పుస్తకం ఇచ్చి చూడండి, చదవక్కర్లేదు, బొమ్మలు చూస్తూ సొంతంగా కథ చెప్పినా చాలు.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. పిలిస్తే తిరిగి చూడకపోయినా, మూడేళ్లు నిండేసరికి చిన్న చిన్న వాక్యాలు రాకపోయినా, "వాళ్ల నాన్నకీ మాటలు లేటే" అని ఎవరన్నా సరే, పిల్లల డాక్టరుకి చూపించి వినికిడి పరీక్ష చేయించండి.