రొయ్యల గుంటలు వద్దంటున్న అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. వనామి రొయ్యలు సాగు చేస్తున్నాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల్లో తల్లి రొయ్యల కళ్లు కోస్తారనీ, మందులతో నీళ్లు పాడవుతున్నాయనీ, ఈ సాగు మానేయమనీ రోజూ వాదిస్తోంది. ప్రకృతి వ్యవసాయం వైపు వెళ్తానంటోంది. బీఫార్మసీలో చేర్చి మనసు మళ్లించమంటారా?

జవాబు: వద్దండి. ఆమె చెప్పేది నిజం. కన్ను ఉండే కాడ, అంటే కంటికాడలోని గ్రంథి అండాల ఎదుగుదలను అడ్డుకుంటుంది కాబట్టి, తల్లి రొయ్యకు ఒకవైపు కంటికాడను కత్తిరిస్తారు, లేదా నలిపేస్తారు. నొప్పి తెలిసే జీవుల జాబితాలో రొయ్యలనూ పీతలనూ చేర్చి బ్రిటన్ 2022లో చట్టం చేసింది. అక్కడి కొన్ని సూపర్‌మార్కెట్లు కన్ను కోయని హేచరీల సరుకే కావాలంటున్నాయి. మంచి మేత, సరైన పోషణ ఉంటే కోయకుండానే గుడ్లు పెట్టించవచ్చు. ఆ పని తెలిసినవాళ్లు మన తీరానికి కావాలి. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ వంటి నిషిద్ధ మందుల ఆనవాళ్లు దొరికితే విదేశాల నుంచి సరుకు తిరిగొస్తుందని మీకు నేను చెప్పాలా? మందు లేకుండా పంట తీసే నేర్పూ అంతే అవసరం.

అందుకే నా మొదటి ఓటు మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీకి. నాలుగేళ్ల కోర్సు, ఈఏపీసెట్ ర్యాంకుతో ప్రవేశం. కళాశాల మీ జిల్లాలోనే, ముత్తుకూరులో ఉంది. పీజీకి ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ ఉంది. ఉప్పునీటి సాగు మీద పరిశోధించే కేంద్ర సంస్థ సీబా పక్కనే చెన్నైలో ఉంది.

మనసు పూర్తిగా పొలం మీదే ఉంటే బీఎస్సీ అగ్రికల్చర్ చదవనివ్వండి. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మన రాష్ట్రంలోనే ఉంది కాబట్టి, పేడతో చేసే ఘనజీవామృతం, ఆకుల కషాయాలు వాడే రైతుల దగ్గరికి ముందే తీసుకెళ్లి చూపించండి. పశువైద్యమైతే నీట్ రాయాలి, అయిదున్నరేళ్లు పడుతుంది.

ఒక మాట అమ్మాయికి. తల్లీ, నీ బాధ మీద నాకు గౌరవం ఉంది. కానీ గుంట గట్టు మీద నిలబడి వద్దనడం వేరు, రొయ్యలకు తెల్లమచ్చ అనే వైరస్ తెగులు సోకిన రాత్రి మీ నాన్నగారు ఏ భయంతో మందు డబ్బా తెరుస్తారో తెలుసుకుని వద్దనడం వేరు. పరీక్షలు కాగానే ఒక గుంట లెక్కలు నువ్వు రాయి. నీటిలో ఆక్సిజన్, రోజువారీ మేత, వేసిన ప్రతి మందు పేరు, అది ఎందుకు వేశారో రాసుకో.

అయ్యా, ఆ పుస్తకంలో ఏది రాసినా మీరు కోప్పడవద్దు. ఈఏపీసెట్ దరఖాస్తు మాత్రం ఆలస్యం చేయకండి. వ్యవసాయ కోర్సుల్లో రైతు కుటుంబాలకు కోటా ఉంటుంది, పాసుపుస్తకం, ఆమె ఏ ఊళ్లో చదివిందో తెలిపే ధ్రువపత్రాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి.