ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు అనుకున్నప్పుడల్లా ఏకాగ్రత కుదురుతుందా?

ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య, నాకూ ఉంది. సాధన చేస్తే ఏకాగ్రత కుదురుతుందా అని మీ ప్రశ్న. నన్నడిగితే కుదరదు. తప్పించుకునే దారులన్నీ మూసి మనల్ని మనం కూర్చోబెట్టుకోవాలి, అంతే.

నేను చిన్న వ్యాపారులకు లెక్కలు రాస్తాను. నెలనెలా 20వ తేదీకల్లా జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్ను వేయాలి. దాటితే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇది పార్టీలకు, అంటే ఆ వ్యాపారులకు, చెప్పేదే నేను. అయినా ఒక బిల్లుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (ఏ సరుకుదో చెప్పే అంకె) చూడబోయి, ఆ కోడ్ల పట్టికలో స్టీలు బిందె 73వ అధ్యాయంలో, ఇత్తడి బిందె 74లో ఎందుకున్నాయో చదువుతూ పొద్దు గూకించేస్తాను. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒక్కడే ఉంటాడు, నా బుర్రలో ఎనిమిది మందీ వాళ్లే.

ఓసారి మా అత్తయ్య ఊరి నుంచి వచ్చింది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఫ్యాను నా గదిలోనే తిరుగుతోందని చిక్కుడుకాయలు తెచ్చుకుని నా బల్ల పక్కన చాపేసుకుంది. మాటా పలుకూ లేదు. ఈనె తీయడం, తుంచి గిన్నెలో వేయడం, పుచ్చుంటే పక్కన పారేయడం. నేను లేవబోతే తలెత్తి, "ఏరా, అయిపోయిందా?" అంది. మళ్లీ కూర్చున్నా. కాయలు అయ్యేసరికి మూడు పార్టీల కొనుగోలు బిల్లులు 2బీతో, అంటే జీఎస్టీ పోర్టల్ ఇచ్చే కొనుగోళ్ల పట్టీతో, సరిచూడటం అయిపోయింది.

ఇలా ఒకరు పక్కన కూర్చుంటే పని సాగడాన్నే బాడీ డబ్లింగ్ అంటున్నారు. వీడియో కాల్‌లో పక్కన కూర్చున్నందుకు డబ్బులు తీసుకునేవాళ్లూ ఉన్నారట. మా అత్తయ్యకు కాఫీ చాలు.

ధ్యానం చెయ్యమనేవాళ్లకు ఓ దండం. పొమొడోరో అని 25 నిమిషాల టైమరొకటి. అందులో ఇరవై నాకు కుర్చీలో కుదురుకోడానికే పోతాయి, తీరా పనిలో పడ్డాక గంట కొట్టి లేపుతుంది. ఇక రీల్స్ ప్రకారమైతే తాళాలు మర్చిపోయినా ఏడీహెచ్‌డీయే! పన్నెండేళ్ల లోపే లక్షణాలు ఉన్నాయా అని చూస్తారు బాబూ. మా డాక్టరు గారైతే నా చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు.

ఆయన రాస్తేనే మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు వాడుతున్నా. అది కూర్చోబెడుతుంది గానీ ఏ పని ముందు కూర్చోవాలో చెప్పదు. మాత్ర వేసుకుని ఫోన్ పట్టుకుంటే ఫోన్ మీదే బ్రహ్మాండంగా ధ్యాస నిలుస్తుంది. పక్కన పెడితే చెయ్యి పక్కకే పోతుంది. అందుకే ముందు ఎక్సెల్ తెరిచి, ఫోన్ మా ఆవిడ చేతికిచ్చి, అప్పుడు వేసుకుంటా. తను పుట్టింటికెళ్లిన వారం మాత్రం ఏ మందూ పనిచేయదు.