ప్లాట్ సంగతి సరే, అన్నయ్యతో ఎప్పుడు మాట్లాడతారు?

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. ఇల్లు కట్టుకోడానికి రెండు స్థలాలు చూశారు. ఒకటి అన్నయ్యగారి ప్లాట్ పక్కనే, పెద్దది, రేటు తక్కువ, కానీ రోడ్డు కన్నా పల్లంలో ఉంది, మీకు మాటమాత్రం చెప్పకుండా ఆయన టోకెన్ కూడా ఇచ్చేశారు. రెండోది మీ ఆవిడ చూసింది, చిన్నదే గానీ మెరక మీద ఉంది. నాన్నగారు పోయాక అన్నయ్యే చదివించాడు కాబట్టి ఆయన మాట కాదనలేను, మా ఆవిడేమో ఊరికే సణుగుతోంది, రెండింట్లో ఏది మంచిదో మీరే చెప్పండి అని రాశారు.

మెరకదే తీసుకోండి. దీనికి నన్ను అడగక్కర్లేదు, మేస్త్రీని అడిగినా చెప్తాడు. పల్లమైతే ఏముంది మట్టి పోయించేద్దాం అన్నారట అన్నయ్యగారు. పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, అడుగు మందం మించకుండా పొరలు పొరలుగా వేసి తడిపి రోలర్ తొక్కిస్తే తప్ప గట్టిపడదు, అంత చేసినా పునాది మళ్ళీ కిందున్న అసలు నేల దాకా దిగాల్సిందే, రేటులో మిగిలిందనుకున్నదంతా ఆ గుంతల్లోకే పోతుంది. అక్కడ బంకమట్టి అని కూడా మీరే రాశారు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది, పునాది సరిగ్గా పడకపోతే గోడలు పగుళ్లిస్తాయి. వాన నీళ్ళు ఇంటి నుంచి బయటికి పోవాలంటే చుట్టూ పది అడుగుల మేర కనీసం ఆరు అంగుళాల వాలు ఉండాలి, రోడ్డే మీకన్నా ఎత్తులో ఉంటే ఆ వాలు ఎటు ఇస్తారు?

ఇక అసలు విషయానికొస్తాను. ఆ ‘సణుగుతోంది’ అన్న మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. ఆవిడ ఒక్కతే వెళ్ళి ఆ పల్లం స్థలం పక్కింటి గోడ మీద మోకాలి ఎత్తున మట్టిరంగు గీత చూసింది, నీళ్ళు నిలిచిన గుర్తు, దాని పక్కన తన చెప్పు పెట్టి ఫోటో తీసి మీకు పంపింది, మీరేమో ‘పాతదేమోలే’ అన్నారు. ఆవిడ జీతం మీద కూడా లోన్ తీసుకుంటున్నారు కదా, మరి ఆవిడ కళ్ళతో చూసినదానికి విలువ లేదా? మా నాన్న కూడా పెదనాన్న చూపించిన పల్లంలోనే కట్టారండీ. వాన పట్టిందంటే అర్ధరాత్రి లేచి మా అమ్మ ట్రంకు పెట్టెలు ఒక్కొక్కటే మంచం మీదికి ఎక్కించేది, ఒక్క మాట అనేది కాదు, ఆ మౌనం నాకింకా గుర్తుంది.

అన్నయ్యగారిని నేను తప్పు పట్టట్లేదు. మీ ఉత్తరంలో ‘అన్నయ్య ఏమనుకుంటాడో’ అని నాలుగు చోట్ల ఉంది, ‘అన్నయ్యని అడిగాను’ అని ఒక్క చోట లేదు. నలభై రెండేళ్ళొచ్చినా ఆయన ముందు మీరింకా ఫీజు కట్టించుకున్న పిల్లాడిలాగే నిలబడుతున్నారు, నా తమ్ముడికి వేరే అభిప్రాయం ఉండదు అని ఆయన అనుకోడంలో తప్పేముంది? చేసిన మేలు మర్చిపొమ్మని చచ్చినా చెప్పను. ఆయనకి ఒంట్లో బాలేకపోతే అర్ధరాత్రైనా పరిగెత్తండి, ఆయన పిల్లల చదువులకి నిలబడండి, కానీ ఆ రుణం మీరు తీర్చుకోవాలి, మీ ఆవిడా పిల్లలూ నీళ్ళలో కూర్చుని కాదు.

ఒక గట్టి వాన పడ్డ మర్నాడు మీ ఆవిడతో కలిసి రెండు స్థలాలూ చూసి రండి, మెరక దాంట్లో కూడా ఐదడుగుల గుంత తీయించి మట్టి చూపించుకోండి, నాలుగు వైపులతో పాటు మూల నుంచి మూలకి కూడా టేపు పట్టి కొలిపించండి, పత్రాలు లాయర్‌కి చూపించండి. తర్వాత అన్నయ్యగారి దగ్గరికి మీరొక్కరే వెళ్ళండి, ఫోన్లో వద్దు, ‘మా ఆవిడకి ఇష్టం లేదు’ అని ఆవిడ మీదికి అస్సలు నెట్టొద్దు, ‘అన్నయ్యా, నాకు ఆ స్థలం వద్దు’ అనండి. ఆయన ఇచ్చిన టోకెన్ వెనక్కి రాకపోతే ఆ డబ్బు మీరే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టండి.