ప్రేమ కోసం సింహాసనం వదులుకున్న రాజు నిజంగా ఉన్నాడా? అది త్యాగమేనా?

ఉన్నాడు. బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్. తండ్రి ఐదో జార్జి పోవడంతో 1936 జనవరి 20న గద్దెనెక్కాడు, అదే ఏడాది డిసెంబరు 11న దిగిపోయాడు. పట్టాభిషేకం కూడా జరగలేదు. అప్పట్లో మన దేశానికీ చక్రవర్తి ఆయనే. ఇక త్యాగమేనా అంటే, ప్రేమ నిజమే గానీ త్యాగం అన్న మాట కాస్త ఎక్కువేమో అంటాను.

పాత నాణేలు, స్టాంపులు పోగేసే పిచ్చి వల్ల నాకీయన పరిచయం. హైదరాబాద్‌లో ఓ నాణేల ఎగ్జిబిషన్‌లో ఒకాయన వెండి రూపాయి చేతిలో పెట్టి, "ప్రేమ కోసం కిరీటం వదిలేసిన రాజు సార్, అందుకే చూడండి, తలమీద కిరీటం లేదు" అన్నాడు. కథ బ్రహ్మాండంగా ఉంది. తిప్పి చూస్తే 1906! అది ఈయన తాతగారు ఏడో ఎడ్వర్డ్ రూపాయి. పెద్దాయన బట్టతలకి ఎంత కథ అల్లారో! మనవడి బొమ్మతో బ్రిటిష్ ఇండియా నాణెం ఒక్కటీ రాలేదు. 1936 నాణేల మీద ఐదో జార్జే ఉంటాడు, తర్వాత నేరుగా ఈయన తమ్ముడు ఆరో జార్జి. కచ్ సంస్థానం మాత్రం కోరీలనే తన వెండి నాణేల మీద ఈయన పేరు వేసింది.

బ్రిటన్ స్టాంపులు మాత్రం నాలుగు వచ్చాయి, నాలుగూ నా దగ్గరున్నాయి. అర పెన్నీది ఆకుపచ్చ, పెన్నీది ఎరుపు, ఒకటిన్నరది గోధుమ, రెండున్నరది నీలం. విపరీతంగా అచ్చేశారు కాబట్టి ఇప్పటికీ చవకే. తండ్రి స్టాంపుల మీది నగిషీలేవీ వీటిలో లేవు. ఉత్త తల, చిన్న కిరీటం, ఎడమవైపు చూపు. నాణేల దగ్గర ఈ చూపే పేచీ అయింది. ఒక రాజు ఎడమకు చూస్తే తర్వాతి రాజు కుడికి చూడాలన్నది అక్కడి ఆనవాయితీ. తండ్రి ఎడమకు చూశాడు. ఈయనేమో తన పాపిడి కనిపించాలి, నేనూ ఎడమకే అని పట్టుబట్టి నెగ్గించుకున్నాడు. ఆ నాణేలు జనం చేతికి రాకముందే వెళ్లిపోయాడనుకోండి.

పెళ్లి దగ్గరా ఇదే పట్టుదల. వాలిస్ సింప్సన్ అమెరికన్. మొదటి భర్తతో విడాకులైపోయాయి, రెండో భర్తతో కేసు 1936 అక్టోబరులో ఇప్స్‌విచ్ కోర్టుకొచ్చింది. ఆమెను రాజు పెళ్లాడకూడదన్న చట్టమేదీ లేదు. కానీ ఇంగ్లండ్ చర్చికి పెద్ద రాజే. మాజీ భర్త బతికుండగా మళ్లీ పెళ్లంటే అప్పట్లో ఆ చర్చి ఒప్పుకునేది కాదు. ప్రధాని బాల్డ్విన్ కూడా ససేమిరా అన్నాడు. రాజు కాదని ముందుకెళితే మంత్రివర్గం రాజీనామా చేసేదే. పోనీ ఆమెకు రాణి హోదా లేకుండా పెళ్లి చేసుకుంటానని రాజు బేరం పెట్టాడు. దానికి లండన్ ఒప్పుకోలేదు, ఆయనే రాజైన కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కూడా ఒప్పుకోలేదు. రెండూ కావాలని చూసి, కుదరక ఒకటి వదిలాడు.

తప్పుకుంటానని ముందుకొచ్చింది ఆమె. డిసెంబరు 7న ఫ్రాన్స్‌లోని కాన్ నుంచి ఆ మేరకు ప్రకటన కూడా ఇచ్చింది. జనం తిట్టిపోసింది మాత్రం ఆమెనే! రాజు వినలేదు. 10న తన నివాసం ఫోర్ట్ బెల్వెడేర్‌లో ముగ్గురు తమ్ముళ్ల సాక్షిగా గద్దె వదులుకునే పత్రం మీద సంతకం పెట్టేశాడు. 1937 జూన్ 3న ఫ్రాన్స్‌లోనే పెళ్లి. ఇంటినుంచి ఒక్కరూ రాలేదు. ఆమెకు 'హర్ రాయల్ హైనెస్' గౌరవం ఇవ్వలేదని చివరిదాకా కుమిలిపోయాడు. అదే ఏడాది జర్మనీ వెళ్లి హిట్లర్‌ను కలిసొచ్చాడు. ప్రేమకథగా చెప్పేవాళ్లు ఈ ముక్క ఎత్తరు.

కట్టుబట్టలతో వెళ్లాడనుకునేరు. బాల్మోరల్, సాండ్రింగ్‌హామ్ ఆయన సొంత ఆస్తులు కావడంతో కొత్త రాజైన తమ్ముడు డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. అసలు టెన్షనంతా ఆ తమ్ముడిదే. మాట్లాడితే నత్తి, రాజు కావాలని ఎన్నడూ అనుకోని మనిషి. విషయం తల్లికి చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చానని డైరీలో రాసుకున్నాడు. పట్టాభిషేకం తేదీ కూడా కొత్తగా పెట్టలేదు. అన్న కోసం ఖాయం చేసిన 1937 మే 12నే తమ్ముడి తలమీద కిరీటం పెట్టారు.