సంక్రాంతికి తాళం పడే ఇంటితో యూరప్ ప్రయాణం

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1,65,000 చేతికొస్తుంది. సొంత త్రీ బెడ్‌రూం ఫ్లాట్ ఉంది, దాని ఈఎంఐ 48,000. ఇంటి ఖర్చు 45,000. పిల్లల ఫీజులకని నెలకు 20,000 పక్కన పెడతాం. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టేవి) 15,000. తెనాలిలో ఉన్న అత్తయ్య, మామయ్యలకు 10,000 పంపుతాం. బాబుకు 13 ఏళ్లు, పాపకు 9. ఒక్కసారైనా వాళ్లకు యూరప్ చూపించాలని ఉంది. ప్యాకేజీ అడిగితే తొమ్మిది రోజులకు ఎనిమిది లక్షల దాకా చెబుతున్నారు. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, అది తీసేద్దామా అనుకుంటుంటే ఆఫీసులో ఒకావిడ ఇళ్లు మార్చుకునే పద్ధతి గురించి చెప్పింది. వాళ్లు మనింట్లో ఉంటారు, మనం వాళ్లింట్లో ఉంటాం, అద్దె ఉండదట. మావారేమో "ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఇల్లు అప్పజెబుతావా, ఇదేదో మోసం" అంటున్నారు. మాలాంటి వాళ్లకు ఇది కుదిరే పనేనా? ఎఫ్‌డీ తీయొచ్చా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ముందు ఆ సంగతి తేల్చేసుకుని మిగతాది మాట్లాడుకుందాం. సిప్‌లు పక్కన పెడితే మీ ఇల్లు నడవడానికి నెలకు 1,23,000 కావాలి. ఆ లెక్కన 6 లక్షలు ఐదు నెలలకు కూడా సరిపోవు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఇబ్బంది వచ్చినా, తెనాలిలో పెద్దవాళ్లకు ఆస్పత్రి అవసరం పడినా మిమ్మల్ని ఆదుకునేది అదొక్కటే. ప్రయాణం కోసం దాన్ని ఖాళీ చేయమని నేను ఎవరికీ చెప్పను. పర్సనల్ లోన్ ఊసే వద్దు.

ఇక మీవారి అనుమానం. అందులో తప్పేమీ లేదు, ఇంటి మీద ప్రేమ ఉన్న ఎవరికైనా వచ్చేదే. కానీ ఈ పద్ధతి నిన్నమొన్న పుట్టింది కాదని ఆయనకు చెప్పండి. ఇంటర్‌వాక్ అనే సంస్థను 1953లో యూరప్‌లోని కొందరు టీచర్లు కలిసి మొదలుపెట్టారు. వాళ్లకు సెలవులు ఎక్కువ, జీతాలు తక్కువ. హోటల్ ఖర్చు భరించలేక ఇళ్లు మార్చుకున్నారు. ఇప్పుడు అందరికీ తెలిసిన హోమ్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ 1992లో అమెరికాలో మొదలైంది. దాని ఏడాది చందా 200 డాలర్లకు పైనే. ఇల్లు ఉండి, పెద్ద బడ్జెట్ లేని మధ్యతరగతి కుటుంబాలకు ఇది బాగా నప్పుతుంది. మీరు కూడా సరిగ్గా ఆ కోవలోనే ఉన్నారు.

అయితే ఇల్లు మార్చుకుంటే ట్రిప్పు ఉచితం అయిపోతుందనుకోవద్దు. మిగిలేది ఎక్కడో, మిగలనిది ఎక్కడో ఒకసారి చూద్దాం. లెక్క సులువుగా ఉండాలని యూరోకు నూరు రూపాయలు పట్టాను. రేటు అంతకంటే ఎక్కువే ఉంటుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అక్టోబరులో 12 రాత్రులు అనుకుందాం. నలుగురికి విమానం టికెట్లు మనిషికి 60,000 చొప్పున 2,40,000. షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. బాబుకు పెద్దల ఫీజే పడుతుంది. సర్వీసు చార్జీలతో కలిపి నలుగురికీ 38,000 పెట్టుకోండి. ఇన్సూరెన్సుకు 6,000. ఈ మూడూ ఎక్కడ దిగినా తప్పవు, ఇల్లు మార్చుకున్నా రూపాయి తగ్గవు. ఊళ్లో తిరగడానికి, రైళ్లకు, టికెట్లకు ఇంకో 70,000.

హోటలైతే నలుగురికి సరిపడే గదికి రోజుకు 150 యూరోలు వేసుకోండి, 1,80,000 అవుతుంది. మూడు పూటలా బయట తింటే రోజుకు 110 యూరోలు, అంటే 1,32,000. మొత్తం 6,66,000.

ఇల్లు మార్చుకుంటే గది ఖర్చు పోతుంది. చాలామంది అంతవరకే చూసి ఆగిపోతారు. అసలు పొదుపు వంటింట్లో ఉంది. సూపర్ మార్కెట్‌లో బియ్యం, గుడ్లు, పెరుగు, కూరగాయలు కొని పొద్దున, రాత్రి ఇంట్లో వండుకుని, మధ్యాహ్నం మాత్రం అప్పుడప్పుడూ బయట తింటే పన్నెండు రోజుల తిండి 50,000లో అయిపోతుంది. మీరు కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్లే మనుషులైతే ఇంకా తక్కువ. హోమ్ ఎక్స్ఛేంజ్ సైటు చందాకు 20,000, ఇక్కడ మీ ఇంటిని సిద్ధం చేయడానికి (కొత్త దుప్పట్లు, ఇన్వర్టర్ బ్యాటరీ, శుభ్రం చేయించడం) 15,000 పెట్టుకోండి. మొత్తం 4,39,000. అంటే మిగిలేది 2,27,000. మీ ఇంటి దాదాపు ఐదు నెలల ఈఎంఐ అది.

ప్యాకేజీకి ఇంకో తలనొప్పి ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది. ఉత్త విమానం టికెట్లకు ఆ బాధ లేదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. హైదరాబాద్‌కు ఎవరు వస్తారు? పిల్లలకు సెలవులని మీరు మే నెల అడిగితే ఎవరూ రారు. ఎండలో, నీళ్ల ట్యాంకర్ల సీజన్‌లో ఫ్రాన్స్ వాళ్లను నిజాంపేట రమ్మనడం కూడా సబబు కాదు. కానీ డిసెంబరు, జనవరి అలా కాదు. చలి హాయిగా ఉంటుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్లు పెళ్లిళ్లకు, పేరంటాలకు వచ్చేది అప్పుడే. వాళ్ల బంధువుల ఇళ్లలో అందరూ పట్టరు, హోటళ్లకు పోయే ఖర్చు ఎక్కువ. వంటిల్లు ఉన్న త్రీ బెడ్‌రూం ఇల్లు దొరికితే వాళ్లకు వరం. మరి మీరు? సంక్రాంతికి తెనాలి వెళతారు కదా. ఆ వారం నగరమంతా ఊళ్లకు వెళ్లిపోతుంది, మీ ఫ్లాటుకు ఎలాగూ తాళమే. ఆ తాళం వేసిన వారాలే మీ పెట్టుబడి.

ఇద్దరూ ఒకేసారి ఇళ్లు మార్చుకోనక్కర్లేదు. హోమ్ ఎక్స్ఛేంజ్‌లో మీ ఇంట్లో ఎవరైనా ఉంటే రాత్రికి ఇన్ని అని పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో మీరు వేరే ఎవరింట్లోనైనా దిగొచ్చు. జనవరిలో లండన్ నుంచి వచ్చిన కుటుంబం మీ ఇంట్లో ఉంటుంది, అక్టోబరులో మీరు ఫ్రాన్స్‌లో ఉంటారు. రెండు సంక్రాంతులు, మధ్యలో మీరు ఊరెళ్లే ఒకటి రెండు సెలవులు వాడుకుంటే పన్నెండు రాత్రులు సంపాదించడం సాధ్యమే. మీ ఇంటికి రాత్రికి ఎన్ని పాయింట్లు ఇస్తారో, అక్కడి ఇంటికి ఎన్ని అడుగుతారో ముందే చూసుకోండి. రెండింటికీ తేడా ఎక్కువైతే ఇంకొన్ని రాత్రులు ఇవ్వాల్సి వస్తుంది.

ప్యారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ అన్నీ తొమ్మిది రోజుల్లో చూపించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఒక ఊళ్లో కూర్చోవాలి. నన్నడిగితే ఫ్రాన్స్‌లోని లియోన్ చూడండి. ప్యారిస్‌కు వేగంగా వెళ్లే రైల్లో రెండు గంటలు. జెనీవా రెండు గంటల దూరం. ఆన్సీ సరస్సుకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావొచ్చు. ఇంటి అద్దె లేదు కాబట్టి ఒక రోజు ఎక్కడికీ వెళ్లకుండా పిల్లలతో పార్కులో గడిపినా డబ్బు వృథా అయినట్టు అనిపించదు. మన దసరా సెలవులు అక్టోబరు చివరికి పడిన ఏడాది ఇంకో కలిసొచ్చే విషయం ఉంది. ఫ్రాన్స్‌లో అక్టోబరు రెండో సగంలో బడులకు రెండు వారాల సెలవులు మొదలవుతాయి. అక్కడి కుటుంబాలు ఊళ్లకు వెళతాయి, ఇళ్లు ఖాళీగా ఉంటాయి.

ఇంత చెప్పాక వీసా గురించి గట్టిగా చెప్పాలి. మన పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు ఈ పద్ధతిలో కష్టమైన మెట్టు ఇదే. ఎక్కడ ఉంటారో రుజువు చూపించాలి. హోటల్ బుకింగ్ కాగితం ఉంటే సరిపోయేది, ఇక్కడ అది ఉండదు. ఫ్రాన్స్‌లో ఒకరింట్లో ఉంటామంటే ఆ ఇంటివాళ్లు తమ ఊరి పురపాలక కార్యాలయానికి వెళ్లి ‘అతెస్తాసియోఁ దాకోయ్’ అనే ధ్రువపత్రం తేవాలి. దానికి వాళ్లు ఫీజు కట్టాలి, కాగితాలు ఇవ్వాలి, కొంత సమయం పడుతుంది. అందుకే ఇల్లు నచ్చగానే మొదటి ప్రశ్న "ఈ పత్రం తెచ్చివ్వగలరా?" అన్నదే కావాలి. ఆ ఫీజు మీరే ఇస్తామని చెప్పండి, మర్యాదగా ఉంటుంది. కుదరదంటే ఆ ఇల్లు వదిలేయండి, ఎంత బాగున్నా సరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు ఉండాలి. వీసా రాకపోతే కట్టిన ఫీజు తిరిగి రాదు కాబట్టి, వీసా చేతికొచ్చాకే తిరిగి ఇవ్వని టికెట్లు కొనండి.

మీ ఇంటికి వచ్చేవాళ్ల విషయంలోనూ ఒక బాధ్యత ఉంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు బస ఇస్తే వచ్చిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు (విదేశీయుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం) తెలియజేయాలి. చాలాకాలంగా ఫారం సి అని అందరూ పిలిచేది అదే. వచ్చేది మన గుంటూరు అబ్బాయే అయినా, పాస్‌పోర్టు విదేశానిదైతే చేసేయండి. అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ముందే పేర్లు, తేదీలు రాసివ్వండి. వాచ్‌మన్‌కు మీరే పరిచయం చేయించండి. ఎదురింటి వాళ్ల దగ్గర ఒక తాళం చెవి ఉంచండి.

బ్యాంకు సంగతికొస్తే, ఇంటిని అద్దెకిస్తే తమ అనుమతి కావాలని లోన్ పత్రాల్లో సాధారణంగా రాసి ఉంటుంది. ఇది అద్దె కాదు, పైకం చేతులు మారదు. ఆ మాట వచ్చేవాళ్లతో రాసుకునే ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. పన్ను విషయంలో మాత్రం మీ సీఏను ఒకసారి అడగండి. సొంతానికి వాడుకునే ఇంటికి రాయితీ ఇస్తూ, యజమాని దాని నుంచి మరే ఇతర ప్రయోజనం పొందకూడదని చట్టంలో ఒక షరతు ఉంది. ఇంటి లోన్ వడ్డీ మీద పాత పన్ను పద్ధతిలో 2 లక్షల మినహాయింపు తీసుకుంటుంటే ఈ ప్రశ్న వేయడం తప్పనిసరి.

ఇంటి బీమా లేదని మీ ఉత్తరం చదివితే అనిపించింది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి. భవనం విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఇంట్లో సామాన్లకు కూడా వర్తిస్తుంది. అగ్నిప్రమాదం, వరద లాంటి వాటికి అది చాలు. దొంగతనానికి వేరే కవర్ కావాలి. మీరే తలుపు తీసి ఉండమన్న వాళ్ల వల్ల వచ్చే నష్టం దానిలోకి వస్తుందో రాదో రాతపూర్వకంగా అడగండి. రాదనే చెబుతారని అనుకుని ఏర్పాట్లు చేసుకోవడం మంచిది. బంగారం బ్యాంకు లాకర్‌లోకి వెళ్లాలి. ఇంటి పత్రాలు, చెక్కు బుక్కులు, పాత ఫోన్లు ఒక బీరువాలో పెట్టి తాళం వేయండి, ఆ గది ఇవ్వబోమని ముందే చెప్పండి. ఎవరైనా "డిపాజిట్ పంపండి, ఇల్లు మీకే ఉంచుతాం" అంటూ సైటు బయట డబ్బు అడిగితే అక్కడితో మాటలు ఆపేయండి. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించని వాళ్లతో అసలు మొదలుపెట్టొద్దు.

డబ్బుతో సంబంధం లేకపోయినా ముందే మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పూజగది మూసి ఉంచుతారా, వంటింట్లో మాంసం వండొచ్చా, ఏది వండకూడదు, చెప్పులు ఎక్కడ విడవాలి. ఇవి మొహమాటపడి వదిలేస్తే తర్వాత మీ మనసే కష్టపడుతుంది. అత్తయ్యగారికి కూడా ముందే చెప్పండి. మేం కొన్నేళ్ల కిందట పుదుచ్చేరిలోని ఒక కుటుంబంతో పది రోజులు ఇళ్లు మార్చుకున్నాం. గ్యాస్, గీజర్, చెత్తబండి వచ్చే వేళ అన్నీ కాగితం మీద రాశాం, బోరు మోటారు స్విచ్ ఎక్కడుందో రాయలేదు. రాత్రి పదకొండు గంటలకు చిన్నపిల్లతో ఆ ఇల్లాలు నీళ్లు లేక ఫోన్ చేసింది. అప్పటి నుంచి ఎవరికి చెప్పినా, విదేశానికి ముందు దేశంలోనే ఒకసారి మార్చుకుని చూడమంటున్నాను. విశాఖకో, మైసూరుకో నాలుగు రోజులు వెళ్లండి. మీవారి భయం నిజమో కాదో ఆయనకే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా ఆయనకు ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. తన ఇంట్లో వేరేవాళ్లు పడుకున్నారన్న ఆలోచనతో పన్నెండు రోజులు నిద్రపట్టని మనిషికి యూరప్ యూరప్‌లా కనిపించదు.

చివరిగా డబ్బు. అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు 27,000 మిగులుతోంది. ఇరవై నాలుగు నెలలు 17,000 చొప్పున ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి. ఏడాదికి ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే దాదాపు 4,36,000 చేతికొస్తుంది. ఇళ్లు మార్చుకునే ట్రిప్పుకు కావాల్సింది దాదాపు అంతే. హోటల్ ట్రిప్పుకైతే నెలకు 26,000 కట్టాలి, అంటే మిగిలేది దాదాపు అంతా దానికే. 17,000 కట్టాక ఉండే 10,000లో 3,000 ఇంకో ఆర్‌డీలో వేయండి. రెండేళ్లలో 72,000 పైన అవుతుంది. యూరో రేటు పెరిగినా, టికెట్లు ఖరీదైనా అది ఆసరా. తక్కిన 7,000 ఎఫ్‌డీకి కలుపుతూ పోండి. సిప్‌లు మాత్రం ఆపకండి. అప్పటికి పాపకు 11 ఏళ్లుంటాయి, 12 నిండకముందే దరఖాస్తు ఇస్తే తనకు 45 యూరోల ఫీజే పడుతుంది.

ఆర్‌డీ ఈ నెల జీతం పడ్డ రోజునే తెరవండి. మీ ఇంటి ఫొటోలు మాత్రం దీపావళికి ఇల్లు సర్దాక తీయండి, సంక్రాంతికి వచ్చేవాళ్లు ఇళ్లు వెతికేది అప్పుడే.