చీపురుకట్ట గుబురును అంటు కట్టవచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను బొబ్బిలిలో ఉంటాను. సైన్సు మాష్టారుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాడు. వాళ్ల పెరట్లో తెల్ల స్ప్రూస్ అనే సూదాకుల చెట్టుకి పైకొమ్మ మీద గంపంత గుబురు పెరిగింది. దాన్ని అంటు కడితే మరుగుజ్జు చెట్టు వస్తుందని అక్కడెవరో చెప్పారట. నిజమేనా? ఎలా కట్టాలి? మా దొడ్లో మామిడికీ ఈ ఏడు ఇలాంటి గుబుర్లే మూడు వచ్చాయి, చిట్టిచిట్టి ఆకులతో. వాటిని అంటు కట్టి కుండీలో పొట్టి మామిడి పెంచవచ్చా? అబ్బాయి వచ్చేటప్పుడు ఆ స్ప్రూస్ పుల్లలు నాలుగు తెమ్మందామనుకుంటున్నాను.

జవాబు: మాష్టారూ, ముందు మామిడి సంగతి. ఆ గుబుర్లను అంటు కట్టకండి. కణుపులు దగ్గర పడి, ఆకులు చిట్టివై, కొమ్మ చివర గుత్తిలా తయారైందంటే అది మాల్‌ఫార్మేషన్ అనే తెగులు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. అంటుతో పాటే కొత్త మొక్కలోకి పోతుంది. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న విషయం. 1994లో కాశీబుగ్గ దగ్గర నర్సరీలో పనిచేసేటప్పుడు, బాగా కాసే సువర్ణరేఖ చెట్టు నుంచి పుల్లలు తెచ్చి 40 అంట్లు కట్టాను. ఆ చెట్టుకి ఒక పక్క గుబుర్లున్నాయని చూశాను, పట్టించుకోలేదు. రెండేళ్లలో సగానికి పైగా మొక్కలు గుత్తులు వేశాయి. అప్పటికే వాటిని రైతులు పట్టుకెళ్లారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెప్పి పీకించాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి గుబురుకి జానెడు కిందికి, మంచి కొమ్మ మీద కోసి తీసేసి, కాల్చేయండి. కోసిన ప్రతిసారీ కత్తిని స్పిరిట్‌తో తుడవండి. కుండీలో కాకపోయినా చిన్న జాగాలో సరిపోయే మామిడి కావాలంటే ఆమ్రపాలి వేసుకోండి. దసేరీ, నీలం రకాలను కలిపి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన రకం అది. రెండున్నర మీటర్ల ఎడంలో కూడా పెరుగుతుంది.

ఇక మీ అబ్బాయి చెట్టు. వాళ్లకి చెప్పిన మాట నిజమే కావచ్చు. ఇలాంటి గుబురును ఐరోపా పల్లెల్లో మంత్రగత్తె చీపురు అంటారు. చెట్టు మీద ఒకే ఒక్క మొగ్గలో జన్యుమార్పు వచ్చి, అక్కడి నుంచి పొట్టి కొమ్మలే పుట్టుకొస్తే ఈ చీపురు తయారవుతుంది. తోటల్లో పెంచే మరుగుజ్జు స్ప్రూస్‌లు, పైన్‌లు ఎన్నో ఇలా దొరికినవే. కానీ తెగులు వల్లా, బదనిక వల్లా కూడా అచ్చం ఇలాంటి చీపుళ్లే వస్తాయి. మన మామిడి మీద బదనిక పడుతుంది కదా, అలాంటిదే అక్కడ మరుగుజ్జు బదనిక అని ఉంది. మిన్నెసోటాలో నల్ల స్ప్రూస్ అడవులను అది బాగా దెబ్బతీస్తుంది, తెల్ల స్ప్రూస్‌కీ పడుతుంది.

అబ్బాయిని దగ్గరగా చూడమనండి. చెట్టంతా బాగుండి, గుబురు ఒక్కటే ఉండి, దాని సూదాకులు పొట్టిగా ఉన్నా ఏడాది పొడుగునా పచ్చగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. చుట్టుపక్కల చెట్లకీ గుబుర్లుంటే, కొమ్మ మీద ఆకుల్లేని చిన్న పుల్లల్లాంటివి మొలిస్తే, సూదాకులు పసుపెక్కి రాలిపోతుంటే, దాన్ని ముట్టుకోవద్దనండి. ఎత్తులో ఉంటే ఎక్కవద్దనండి. చెట్లెక్కే పనివాళ్లు అక్కడుంటారు.

కట్టే పద్ధతి మనకి తెలిసిందే. మామిడికి మనం పక్కన చీల్చి కట్టే వినీర్ అంటు లాంటిదే. తేడా కాలంలో ఉంది. సయాన్ పుల్ల, అంటే అంటు కట్టడానికి కోసే పై పుల్ల, జనవరిలో, చెట్టు గాఢ నిద్రలో ఉన్నప్పుడు, కిందటేడు పెరిగిన కొమ్మ నుంచి తీసుకోవాలి. తడి కాగితంలో చుట్టి, కవరులో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచాలి. కింది మొక్క కుండీలో పెంచిన రెండు మూడేళ్ల నార్వే స్ప్రూస్ కానీ, తెల్ల స్ప్రూస్ కానీ అయ్యుండాలి. దాన్ని మూడు వారాల ముందే చలి నుంచి కాస్త వెచ్చని చోటికి తెచ్చి, తెల్లవేళ్లు కదిలాక కట్టాలి. కింది మొక్క మేలుకుని ఉండాలి, పుల్ల నిద్రలో ఉండాలి. స్ప్రూస్ మీద స్ప్రూసే కట్టాలి, పైన్ మీద కట్టకూడదు.

నేను రెండు చలికాలాలు మిషిగన్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు అక్కడి నర్సరీలో ఇవి కట్టాను. మొదటి ఏడు 12 కడితే 3 దక్కాయి. తప్పు నా చేతి అలవాటుది. మామిడి పుల్ల పెన్సిలంత ఉంటుంది. చీపురు పుల్ల అగ్గిపుల్లంతే. మామిడికి కోసినంత లోతుగా కోశాను, పుల్ల ఆ గాయంలో మునిగిపోయింది. బెరడు కిందుండే పచ్చపొర రెండింటిదీ కలవలేదు. రెండో ఏడు బెరడుతో పాటు చెక్కని లేతగా మాత్రమే గీసి, పుల్లని ఒక అంచుకి జరిపి, ఆ ఒక్క వైపైనా పచ్చపొరలు సరిగ్గా కలిసేలా కట్టాను. తొమ్మిది బతికాయి. కోత అంగుళం చాలు. పుల్ల కింది సగం సూదాకులు తీసేయాలి. జిగురు అంటుకుంటే చాకు జారుతుంది, స్పిరిట్‌తో తుడుచుకుంటూ ఉండాలి. రబ్బరు పట్టీతో బిగించి, పైన ప్లాస్టిక్ గుడారం వేసి, తేమ ఆరకుండా, ఎండ నేరుగా పడకుండా చూడాలి. అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కింది మొక్క తల ఒకేసారి నరకవద్దు. కొత్త మొగ్గలు కదిలాక కొంత, మిగతాది మరుసటేడు.

ఎదుగుదల చూసి టెన్షన్ పడొద్దనండి. సూదాకుల చెట్లు పెంచేవాళ్ల సంఘం అమెరికన్ కోనిఫర్ సొసైటీ లెక్కలో మరుగుజ్జు అంటే ఏడాదికి ఒకటి నుంచి ఆరు అంగుళాలే. అంగుళం లోపు పెరిగేవాటిని అంతకంటే చిన్న తరగతిలో వేస్తారు. ఆ చీపురుకి కాయలుంటే గింజలు కూడా దాచమనండి. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటలో ఇలాంటి గింజలు మొలిపించి చూస్తే దాదాపు సగం పొట్టివి, సగం మామూలువి వచ్చాయి. సైన్సు మాష్టారు కదా, ఆ సగం ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు.

పుల్లలు మాత్రం పెట్టెలో పెట్టి తెప్పించుకోకండి. దిగుమతి పర్మిట్, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కలు తేవడం మన చట్టం ఒప్పుకోదు. పైగా చలికాలం గట్టి చలి లేనిచోట తెల్ల స్ప్రూస్ సరిగ్గా పెరగదు, బొబ్బిలి మే నెల ఎండని అది తట్టుకోలేదు. అక్కడే కట్టమనండి. చాకు పట్టే తీరు మీ దొడ్లో టెంక మామిడి మొక్క మీద మీరు కట్టి, వీడియో కాల్‌లో చూపించండి.