కలుపుకోవడం వేరు, కలుపుకొని పోవడం వేరు

సందేహం: ఒంగోలు దగ్గర ఒక గ్రానైట్ కంపెనీలో హెచ్.ఆర్. ఉద్యోగినిని. లీడర్‌షిప్, డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ అనే మూడు మాటలను తెలుగులో రాసి గోడకు పెట్టమన్నారు. ‘నాయకత్వం, భిన్నత్వం, సమ్మిళితత్వం’ అని రాసి, కింద ‘ఇక్కడ అందరినీ సమ్మిళితం చేయడం జరుగుతుంది’ అని చేర్చాను. పాలిషింగ్ మేస్త్రీ చదివి, ‘మూడోది ఏం మందమ్మా?’ అని అడిగాడు. మా దగ్గర ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కూడా పనిచేస్తారు. నేను రాసింది తప్పా?

సమాధానం: తప్పని అనను తల్లీ. అయితే మేస్త్రీ అడిగిందీ సబబే.

మొదటి మాట ఉండనీయండి. నాయకుడిలో ఉన్నది ‘నీ’ ధాతువు, వెంట తీసుకువెళ్లడం దాని అర్థం. వినయం, అనునయం కూడా ఆ ధాతువుకు పుట్టినవే. ఈ చుట్టరికం మేనేజర్లకు ఎవరూ చెప్పినట్టు లేరు. (సమన్వయంలో మాత్రం నయాన్ని వెతకకండి, అక్కడున్నది అన్వయం.) ‘భిన్నత్వం’ తీసేయండి. భిన్నం అంటే మొదట పగిలినదనే అర్థం. గుళ్లో విగ్రహం భిన్నమైతే పూజ ఆపేస్తారు. ‘వైవిధ్యం’ చాలు.

ఇక ఆ ‘జరుగుతుంది’! వాన కురవడం జరుగుతుంది, అన్నం తినడం జరుగుతుంది... ఈ జబ్బు మైకుల్లో పుట్టి గోడలకు పాకింది. పైన నాయకత్వం అని రాసి, కింద కర్త లేని వాక్యం పెడతారా? చేసేదెవరో చెప్పండి.

సమ్మిళితం సర్కారు కాగితాల్లోని ‘సమ్మిళిత వృద్ధి’ నుంచి దిగినట్టుంది. మీరు దానికి ‘త్వం’ కూడా తగిలించారు. మేళం, మిళితం ఒకే ధాతువువి. మేళంలో నాదస్వరం నాదస్వరంగానే వినపడుతుంది, డోలు డోలుగానే వినపడుతుంది. కానీ ఇవాళ మిళితం అంటే మనకు తోచేది కరిగి ఒకటైపోవడం. ఒడిశా మనిషి కరిగి ఒంగోలు మనిషి కావాలని మీ కంపెనీ కోరిక కాదు గదా.

తెలుగులో ‘కలుపు’ ఉంది. దానికి ‘కొను’ తోడైతే కలుపుకొను. ఈ ‘కొను’ గడుసుది. చేసిన పని ఫలం చేసినవాడికే దక్కుతుందని చెప్పడం దాని వృత్తి. పిల్లలకు పప్పన్నం కలుపుతాం, మనకు కలుపుకుంటాం. పక్కవాడి గట్టు చెక్కి మూరెడు నేల కలుపుకున్నాడంటే మా పెన్నా ఆయకట్టులో అది తగాదా, ఒక్కోసారి కోర్టు కేసు. అదే మాటకు ‘పోవు’ చేరేసరికి గుణమే మారిపోతుంది. ‘అందర్నీ కలుపుకొని పోయే మనిషి’ అంటే ఊరి పెద్దకు అంతకు మించిన మెచ్చుకోలు లేదు. ఆ మాటలో నడక ఉంది చూడండి. కలుపుకున్నవాడు అక్కడే కూర్చోలేదు, వాళ్లను వెంటపెట్టుకొని నడుస్తున్నాడు. మీ మొదటి మాట, మూడో మాట రెండూ అందులోనే ఉన్నాయి. ‘చేర్చుకోవడం’ చాలదా అంటారేమో. ఉద్యోగంలో చేర్చుకోవడం ఒక్కపూట పని. కలుపుకొని పోవడం రోజూ ఉంటుంది.

కొను నుంచే కోలు వచ్చింది: కొనుగోలు, వేడికోలు, కలుపుగోలు. ‘కలుపుగోలుతనం’ నాకు ఇష్టమైన మాట. కానీ అది మనిషి స్వభావం, దాన్ని కంపెనీకి అంటగట్టడానికి కొంచెం సంకోచిస్తున్నాను. నలుగురూ వాడితే అతుకుతుందేమో. వరిచేలో పీకే కలుపుతో దీనికి చుట్టరికం లేదనిపిస్తుంది. దాన్ని తమిళులు కళై అంటారు, కన్నడిగులు కళె అంటారు.

మా నెల్లూరు తిక్కనను తలచుకోకుండా ఉత్తరం ముగించలేను. ఆయనది 13వ శతాబ్దం. శివుడు గొప్పా, విష్ణువు గొప్పా అని జనం కొట్లాడుకుంటున్న కాలం. మనుమసిద్ధి కొలువులోని ఈ కవి విరాటపర్వం మొదటి పద్యంలోనే హరిహరనాథుణ్ణి నిలబెట్టి, భక్తుల నోట ‘విష్ణురూపాయ నమశ్శివాయ’ అనిపించాడు. ఎవరి పేరూ పోలేదు. రూపం విష్ణువుది, దండం శివుడికి. ఒకరిలో ఒకరు కరగనూ లేదు, ఒకరు బయట నిలబడనూ లేదు. ఇన్‌క్లూజన్‌కు నాకు తెలిసిన గొప్ప తెలుగు సేత ఇదే. అయితే అది సంస్కృతంలో ఉంది, పైగా గ్రానైట్ కంపెనీ గోడకు పనికిరాదు!

గోడకైతే ‘నాయకత్వం, వైవిధ్యం’ అని రాసి, మూడో మాట స్థానంలో ‘అందరినీ కలుపుకొని పోతాం’ అని పెట్టి చూడండి. మూడు మాటలూ ఒకే తూకంలో లేవని మీ పైవాళ్లు పేచీ పెడితే ‘సమ్మిళితం’ అనే ఉంచుకోండి, ‘త్వం’ మాత్రం కొట్టేయండి. ఏది పెట్టినా దాని కింద ఒడియాలో ఒక వరస రాయించండి. ఆ తర్వాత మేస్త్రీ ఏమన్నాడో నాకు రాయండి.